మొసలి నిజం, సొర అబద్ధం

2023 డిసెంబర్ 5. మిచౌంగ్ తుఫాను మా బాపట్లకి దక్షిణంగా తీరం దాటిన రోజు. ముందు రోజు రాత్రే కరెంటు పోయింది. మధ్యాహ్నం పన్నెండు దాటాక గాలి ఎంత గట్టిగా కొట్టిందంటే, పెరటి తలుపు తెరుచుకోకుండా బియ్యం బస్తా అడ్డం పెట్టి దాని మీద నేను కూర్చున్నాను. ఫోన్‌లో చార్జింగ్ 20 శాతం ఉంది. అప్పుడు హైదరాబాద్‌లో ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడు రెండు మెసేజ్‌లు పంపాడు. ఒకటి వీడియో. చెన్నైలో, రాత్రిపూట, కారు లైట్ల వెలుగులో ఒక మొసలి రోడ్డు దాటి పొదల్లోకి వెళ్తోంది. రెండోది ఫోటో. నీట మునిగిన హైవే మీద కారు పక్కనే పెద్ద సొర ఈదుతోంది.

"అత్తా, ఇవి నిజమేనా? నువ్వు జువాలజీ కదా, చెప్పు" అని అడిగాడు.

రెండూ అబద్ధమే, ఎవరికీ పంపకురా అని రాసి ఫోన్ ఆపేశాను.

మూడు రోజుల తర్వాత కరెంటు వచ్చింది. పేపర్ చూస్తే మొసలి నిజం. చెన్నై శివార్లలోని పెరుంగళత్తూరులో అది నిజంగానే రోడ్డు దాటింది. ఆ చుట్టుపక్కల చెరువుల్లో మగ్గర్ జాతి మొసళ్లు ఎప్పటినుంచో ఉన్నాయి. వానకి చెరువులు పొంగితే ఒకటి బయటికొచ్చింది. అది మనుషుల జోలికి రాదు, మీరూ దాని జోలికి వెళ్లకండి అని తమిళనాడు అటవీ శాఖ తరఫున ఉన్నతాధికారి ఒకరు చెప్పారు.

పద్దెనిమిదేళ్లుగా జూనియర్ కాలేజీలో జంతుశాస్త్రం చెబుతున్నాను. అయినా చూడగానే వింతగా అనిపించింది కాబట్టి అబద్ధమనేశాను. వింతగా ఉంది కాబట్టి నిజమనుకునే వాళ్లకీ నాకూ తేడా ఏముంది? ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వదల్లేదు. అప్పటినుంచి తుఫానుకీ సముద్ర జీవులకీ సంబంధించి ఏ మాట విన్నా పక్కన రాసుకుని, దొరికినంత చదువుతూ వచ్చాను. ఈ పోస్టు అందులోంచే.

ముందు ఆ సొర ఫోటో సంగతి. ఆ సొర అసలు దక్షిణాఫ్రికా సముద్రంలోది. చిన్న పడవలో వెళ్తున్న ఒక మనిషి వెనకాలే సొర వస్తుండగా తీసిన ఫోటో 2005లో ఒక పత్రికలో అచ్చయింది. 2011లో ఐరీన్ హరికేన్ (అమెరికా వైపు పెద్ద తుఫానుని అలా అంటారు) వచ్చినప్పుడు ఎవరో ఆ సొరని కత్తిరించి, నీళ్లు నిండిన రోడ్డు ఫోటోలో అతికించి, ప్యూర్టోరికోలో వీధుల్లోకి సొర వచ్చిందని వదిలారు. ఆ తర్వాత పెద్ద తుఫాను వచ్చినప్పుడల్లా అదే సొర, అదే కారు అద్దం. 2017లో హార్వే హరికేన్‌కి హ్యూస్టన్ అన్నారు. ఊరి పేరు మారుతుంది గానీ ఫోటో మారదు. మా మేనల్లుడికి వచ్చినదాని కింద చెన్నై అని రాసి ఉంది.

మరి సొర ఊళ్లోకి రావడం అసలు జరగదా అంటే, జరుగుతుంది. ఇక్కడే నాలాంటి వాళ్లు తొందరపడతాం. 2022 సెప్టెంబర్‌లో ఇయన్ హరికేన్ ఫ్లోరిడాని కొట్టినప్పుడు ఫోర్ట్ మయర్స్‌లో ఒక ఇంటి పెరట్లో నిలిచిన నీళ్లలో రెక్క పైకి తేలి, ఒక చేప కొట్టుకుంటున్న వీడియో వచ్చింది. అందరూ పాత సొర ఫోటోని గుర్తు చేసుకుని నవ్వారు. అసోసియేటెడ్ ప్రెస్ వాళ్లు ఆరా తీస్తే వీడియో నిజమైనదే అని తేలింది. చిన్న వయసు సొరలా ఉందని కొందరు నిపుణులన్నారు. ఆస్ట్రేలియాలో 2017 మార్చిలో డెబ్బీ తుఫాను తర్వాత క్వీన్స్‌లాండ్‌లోని ఎయిర్ అనే ఊరి దగ్గర రోడ్డు మీద బురదలో బుల్ షార్క్ అనే జాతి సొర ఒకటి చచ్చి పడి ఉంది. బుల్ షార్క్ మంచినీళ్లలో కూడా బతకగలదు, నదుల్లోకి ఎదురెక్కుతుంది. వరద వచ్చి గట్లు మునిగితే నదిలోంచి పొలంలోకి, పొలంలోంచి రోడ్డు మీదకి వస్తుంది. నీళ్లు తీసినప్పుడు తిరిగి వెళ్లే దారి దొరకదు. అదే క్వీన్స్‌లాండ్‌లో కార్‌బ్రూక్ గోల్ఫ్ కోర్సు చెరువులోకి 1990లలో వరదలతో కొన్ని బుల్ షార్క్‌లు వచ్చి, నీళ్లు తగ్గాక అక్కడే చిక్కుబడిపోయి, ఏళ్ల తరబడి బతికాయి.

సొర వస్తే నీటితో పాటు వస్తుంది. గాలిలో రాదు. సుడిగాలిలో సొరలు ఎగిరొచ్చి మనుషుల మీద పడే ఇంగ్లిష్ సినిమా ఒకటి మా స్టూడెంట్స్‌లో చాలామంది చూశారు. అలా జరగదని వాళ్లకీ తెలుసు. కానీ అందులో చిన్న ముక్కని నమ్ముతారు. సుడిగాలి సముద్రాన్ని పీల్చి పైకి తీసుకెళ్తుందన్న ముక్కని.

దాన్ని చిన్నప్పుడు నేనూ నమ్మాను. మా నాయనమ్మ అరుగు మీద కూర్చోబెట్టి సముద్రం వైపు చూపించి చెప్పేది. మబ్బులోంచి సన్నగా తొండంలాంటిది దిగితే, "అదిగో, ఐరావతం నీళ్లు తాగడానికి దిగింది. తాగి మళ్లీ వానగా కురిపిస్తుంది" అనేది. ఏనుగు తొండం అనే మాట మా వైపు ఇప్పటికీ వాడతారు. చేపల చెరువుల మీద అలాంటిది దిగినప్పుడల్లా ఫోన్‌లు బయటికొస్తాయి. కంటికి అది నీళ్లు పీలుస్తున్నట్టే ఉంటుంది. నిజానికి ఆ తొండంలో కనబడేది చాలావరకు మబ్బే. సుడి మధ్యలో గాలి పీడనం తగ్గి, గాలిలో ఉన్న తేమ సన్నటి తుంపరలుగా మారితే అలా తెల్లగా కనిపిస్తుంది. అడుగున మాత్రం సముద్రపు నీళ్లు తుంపర లేస్తాయి. సముద్రాన్ని గొట్టంతో తాగినట్టు పైకి లాగడం అంటూ లేదు. నాయనమ్మ మాట తప్పని తెలిశాక కూడా, ఆ తొండం కనిపిస్తే నాకు మొదట గుర్తొచ్చేది ఐరావతమే.

చేపల వాన సంగతీ ఇలాంటిదే. 2022 జులైలో జగిత్యాలలో ఆకాశం నుంచి చేపలు పడ్డాయని వీడియోలు తిరిగాయి. ఆ చేపలు నిజమే, వాన నిజమే. కానీ చేప పైనుంచి పడుతుండగా తీసిన వీడియో నేను ఒక్కటీ చూడలేదు. నేల మీద కొట్టుకుంటున్న చేపలే అన్నిట్లోనూ. పల్లెటూళ్లో పుట్టినవాళ్లకి ఇది కొత్త కాదు. తొలకరి వానలకి చేపలు ఎదురెక్కుతాయి. కాలవ పొంగి చేలోకి పారితే ఆ నీటికి ఎదురుగా ఈదుకుంటూ కొర్రమీను, మట్టగిడస వచ్చేస్తాయి. మార్పు చేప అయితే తడి నేల మీద పాకుతుంది కూడా. చిన్నప్పుడు వాన వెలిశాక గిన్నెలు పట్టుకుని బోదెల వెంట తిరిగి వాటిని పట్టుకున్నాం. తెల్లారి లేచి చూసినవాడికి చేపలు రాత్రి వానతో పడ్డాయనే అనిపిస్తుంది. బలమైన సుడి చెరువు మీద నుంచి పోతే పిత్తపరిగెల్ని ఎత్తి కాస్త దూరంలో పడేయడం అసాధ్యమని నేను అనను. కానీ అన్నిటికంటే ముందు కాలవ ఎటు పారుతోందో చూడాలి.

ఇక నాకు ఎక్కువ ఇష్టమైన విషయం. తుఫాను వస్తోందని జంతువులకి ముందే తెలుస్తుందా?

దీనికి నేను చదివినవాటిలో అందమైన సాక్ష్యం 2001 సెప్టెంబర్‌ది. ఫ్లోరిడాలో టెర్రా సియా అనే చిన్న అఖాతం ఉంది. బ్లాక్‌టిప్ సొరలు అక్కడ పిల్లల్ని పెడతాయి. ఆ పిల్లలు కొన్ని నెలలు ఆ లోతు తక్కువ నీళ్లలోనే పెరుగుతాయి. వాటి కదలికలు తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు కొన్ని పిల్లలకి శబ్దం చేసే చిన్న పరికరాలు అమర్చి, నీళ్ల అడుగున వినే పరికరాలు పెట్టారు. తుఫాను కోసం పెట్టినవి కావు అవి. అనుకోకుండా గాబ్రియెల్ అనే తుఫాను వచ్చింది. గాలి పీడనం పడిపోవడం మొదలవగానే, తుఫాను తీరానికి చేరకముందే, ఆ 13 సొర పిల్లలూ అఖాతం వదిలి లోతు నీళ్లలోకి వెళ్లిపోయాయి. తుఫాను పోయాక కొద్ది రోజుల్లో తిరిగొచ్చాయి. అవి ఆ ఏడాదే పుట్టిన పిల్లలు. అంతకు ముందు తుఫాను అంటే ఏంటో చూసి ఉండవు. ఎవరూ నేర్పలేదు.

క్లాసులో ఇది చెప్పినప్పుడు ఒక అమ్మాయి మంచి ప్రశ్న వేసింది. "మేడమ్, గాలి పీడనం మారితే నీళ్లలో ఉన్నదానికి ఎలా తెలుస్తుంది?" అని. బోర్డు మీద లెక్క వేశాం. మామూలుగా సముద్ర మట్టం దగ్గర గాలి పీడనం 1013 హెక్టోపాస్కల్ (పీడనాన్ని కొలిచే ప్రమాణం అది). నీళ్లలో ఒక మీటరు కిందకి దిగితే పీడనం సుమారు 100 హెక్టోపాస్కల్ పెరుగుతుంది. అంటే గాలి పీడనం 10 హెక్టోపాస్కల్ పడిపోయిందంటే, చేప ఒక జానెడు కంటే తక్కువ, 10 సెంటీమీటర్లు పైకి ఈదినంత తేడా. రోజూ ఆటుపోట్లకి వచ్చే తేడా ఇంతకంటే ఎక్కువ. మరి ఆటుపోటులో ఏది, తుఫానులో ఏది అని ఆ సొర పిల్ల ఎలా విడదీసుకుంది? సొరల లోపలి చెవిలో ఉండే సన్నటి రోమాల్లాంటి కణాలు పీడనాన్ని పట్టగలవని ప్రయోగాల్లో తేలింది. ఆ చిన్న తేడా గంటల తరబడి ఒకే వైపు పోతుండటం వాటికి తెలుస్తుంది కాబోలు. ఆ అమ్మాయి ఇంకా ప్రశ్నలు అడుగుతుండగానే గంట కొట్టారు. నాకు ఆ రోజు ఇంటికెళ్లేదాకా ఆనందంగానే ఉంది.

అయితే అన్ని సొరలూ పారిపోవు. 2016లో మాథ్యూ హరికేన్ బహామాస్ మీదుగా పోయినప్పుడు అక్కడి పులి సొరలు, తుఫాను కన్ను నెత్తి మీద నుంచి పోతున్నా, ఆ లోతు తక్కువ నీళ్లలోనే ఉండిపోయాయి. తుఫాను తర్వాత అక్కడ ఇంకా ఎక్కువ కనిపించాయి. చచ్చిన చేపలు, పక్షులు తినడానికి వచ్చి ఉంటాయని పరిశోధకుల ఊహ. మరుసటి ఏడాది ఇర్మా హరికేన్‌కి మయామి దగ్గర ఉన్న బుల్ షార్క్‌లూ, నర్స్ షార్క్‌లూ మాత్రం ముందే ఖాళీ చేశాయి. జాతిని బట్టి, చోటుని బట్టి, వయసుని బట్టి మారుతుంది. జంతువులకి అన్నీ తెలుసు అనే ఒక్క మాటలో ఇది పట్టదు.

మా అమ్మ పుట్టిల్లు నాగాయలంక దగ్గర. 1977 నవంబర్ 19న దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు ఆవిడకి పదిహేనేళ్లు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క డాబా మీదకి ఎక్కి బతికింది. ప్రభుత్వ లెక్కల్లోనే 10 వేలమంది పోయారు. అమ్మ ఆ రోజు గురించి తనంతట తాను మాట్లాడదు. సొర పిల్లల గురించి చదివిన రోజుల్లో ఒక సాయంత్రం, చిక్కుడుకాయలు గిల్లుతుండగా అడిగాను. "అమ్మా, ఆ రోజు గొడ్లకి ఏమన్నా ముందే తెలిసిందా?" అని.

"తెలియకేమే. పొద్దున్నించి గేదెలు మేత ముట్టలేదు. ఒకటే అరుపులు. కొంగలన్నీ ఊరి మీదగా లోపలికి పోయినయ్యి. మీ తాతయ్య చూసి ఇదేదో పెద్దదే అన్నాడు కూడా" అంది. కాసేపు ఊరుకుంది. మళ్లీ తనే అంది. "తెలిస్తే ఏం లాభం? పలుపుతాళ్లతో రాటలకి కట్టేసి ఉన్నయ్యి. సావిడిలో సావిడిలోనే పోయినయ్యి."

ఆ మాట తర్వాత నేను ఇంకేమీ అడగలేకపోయాను.

చదువుకున్నదాన్ని కాబట్టి ఇంకో వైపు కూడా చెప్పాలి. గేదె మేత ముట్టని రోజులు ఏడాదిలో చాలా ఉంటాయి. కొంగలు లోపలికి పోయే రోజులూ ఉంటాయి. ఆ రోజుల్లో ఉప్పెన రాలేదు కాబట్టి ఎవరికీ గుర్తుండవు. ఉప్పెన వచ్చిన రోజువి మాత్రం యాభై ఏళ్లు గుర్తుంటాయి. జపాన్‌లో ఓర్‌ఫిష్ అనే పొడవాటి చేప ఒడ్డుకి వస్తే భూకంపం వస్తుందని పాత నమ్మకం. మన దగ్గర కూడా ఆ చేప వలలో పడితే ప్రళయం చేప అని వార్తలు రాస్తారు. 2019లో జపాన్ పరిశోధకులు ఓపిగ్గా కూర్చుని పాత రికార్డులన్నీ తిరగేశారు. 336 సార్లు ఓర్‌ఫిష్ లాంటి లోతు సముద్రపు చేపలు కనిపించాయి. దగ్గర్లో, నెల లోపల పెద్ద భూకంపం వచ్చింది ఒక్కసారే. అలా ఓపిగ్గా లెక్కపెడితేనే నమ్మకానికి బలం ఎంతో తెలిసేది. సొర పిల్లల సంగతి నేను నమ్మడానికి కారణం కూడా అదే. అది జ్ఞాపకం మీద ఆధారపడలేదు, ఏ పిల్ల ఏ గంటకి వెళ్లిందో పరికరంలో నమోదైంది.

అమ్మ చెప్పింది తప్పని నేను అనడం లేదు. గేదెలకి తెలిసే ఉండొచ్చు. కానీ కొంగల్ని చూసి ఊరు ఖాళీ చేసేవాళ్లు 1977లోనూ లేరు, ఇప్పుడూ లేరు. 2013లో ఫైలిన్ తుఫాను ఒడిశాలోని గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు ఒడిశా, ఆంధ్రా కలిసి సుమారు 10 లక్షలమందిని ముందే తరలించాయి. చనిపోయినవాళ్ల సంఖ్య పదుల్లోనే ఆగింది. వాళ్లని కదిలించింది ఉపగ్రహం, వాతావరణ శాఖ బులెటిన్, ఇంటింటికీ వెళ్లి గట్టిగా చెప్పిన ఊరి మనుషులు. ఇప్పటికీ మా వైపు కొంతమంది పెద్దవాళ్లు "పీతలు గట్టెక్కలేదు, అప్పుడే పోవక్కర్లేదు" అంటారు. ఆ మాట విన్నప్పుడు మాత్రం నాకు భయం వేస్తుంది. జంతువు కదిలితే మనం జాగ్రత్త పడటంలో నష్టం లేదు. జంతువు కదల్లేదని మనం ఆగిపోతే ప్రాణం పోతుంది.

తుఫాను సమయంలో సముద్రంలో ఏం జరుగుతుందో కూడా చెప్పాలి. అల ఎంత పెద్దదైనా దాని ఊపు కిందకి పోయేకొద్దీ తగ్గిపోతుంది. రెండు అలల మధ్య దూరంలో సగం లోతుకి వెళ్తే దాదాపు కదలికే ఉండదు. ఆ దూరం 150 మీటర్లయితే 75 మీటర్ల కింద దాదాపు నిశ్శబ్దం. అందుకే ఈదగలిగినవి లోతుకి పోతాయి. మా బాపట్ల, నిజాంపట్నం వైపు సముద్రం చాలా దూరం దాకా లోతు రాదు. ఇక్కడి చేపకి లోతు దొరకాలంటే చాలా దూరం పోవాలి. ఈదలేనివి, ఇసుకలో పాతుకున్న ఆలిచిప్పలు, గవ్వలు, చిన్న పీతలు ఎక్కడికీ పోలేవు. తుఫాను మర్నాడు సూర్యలంక బీచ్‌లో నడిస్తే కుప్పలుగా కనిపించేవి అవే. వాటి మధ్యలో సముద్రపు పాములు కూడా ఉంటాయి. ఒడ్డున కదలకుండా పడి ఉన్నా బతికే ఉండొచ్చు. వాటి నోరు చిన్నది, కరవలేవు అని పిల్లలు చేత్తో పట్టుకోవడం నేను చూశాను. అది పూర్తిగా తప్పు. అవి కరుస్తాయి, వాటి విషం నాగుపాము విషం కంటే తక్కువది కాదు. వల లాగేటప్పుడు కరిచి ప్రాణాలు పోయిన వేటగాళ్లు ఉన్నారు. ఎక్కడ పడి ఉంటే అక్కడే వదిలేయండి. చచ్చిన జెల్లీఫిష్‌ని కూడా ముట్టుకోవద్దు, దాని తీగలు అప్పటికీ కాల్చినట్టు చేస్తాయి.

తుఫానుకి నీటి జీవుల్లో చాలా చావులు అలల వల్ల రావు. ఊపిరాడక వస్తాయి. 1992లో ఆండ్రూ హరికేన్ అమెరికాలో లూసియానాని దాటినప్పుడు అట్చాఫలాయా చిత్తడి నేలల్లో సుమారు 18 కోట్ల చేపలు చచ్చిపోయాయని అంచనా వేశారు. గాలికి అడుగున ఉన్న బురదంతా పైకి లేచింది, చెట్ల ఆకులు రాలి నీళ్లలో కుళ్లాయి, నీళ్లలో ఆక్సిజన్ అయిపోయింది. 18 కోట్లు అంటే ఊహకి అందదు గానీ, ఆ ఊపిరాడకపోవడం మాత్రం నాకు బాగా తెలుసు. మా తమ్ముడికి నిజాంపట్నం వైపు నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువు ఉంది. మిచౌంగ్‌కి రెండు రోజులు ఎండ లేదు కాబట్టి నీళ్లలో పాచి ఆక్సిజన్ తయారు చేయలేదు. పడిన వాన నీళ్లు ఉప్పు నీళ్ల మీద పొరలా నిలబడిపోయాయి, అడుగుకి గాలి అందదు. దానికి తోడు కరెంటు లేదు, నీళ్లని చిలికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోయాయి. జనరేటర్‌కి డీజిల్ కోసం వాడు ఆ గాలిలో బండి మీద వెళ్తానంటే మరదలు తాళం దాచేసింది. డీఓ, అంటే నీళ్లలో కరిగిన ఆక్సిజన్, లీటరుకి 4 మిల్లీగ్రాముల కంటే కిందకి పోతే టెన్షన్, 2 దగ్గరకి వస్తే ఇంక లెక్కే. తెల్లవారుజామున ఫోన్ చేసి "అక్కా, రొయ్య గట్టు పట్టింది" అన్నాడు, ఊపిరాడక అంచుకి చేరిందని. గొంతులో శబ్దమే లేదు. పొద్దెక్కేసరికి తేలిపోయాయి. 80 రోజుల పంట. తుఫాను అంటే టీవీలో విరిగిన చెట్లు చూపిస్తారు. ఈ చావు ఎవరికీ కనిపించదు, శబ్దం కూడా ఉండదు.

అదే తుఫాను సముద్రానికి మేలు కూడా చేస్తుంది. గాలి పై నీళ్లని కలియబెడితే కిందనున్న చల్లటి, పోషకాలున్న నీళ్లు పైకొస్తాయి. దాంతో కంటికి కనిపించని నాచు పెరుగుతుంది. తుఫాను పోయిన దారి వెంట బంగాళాఖాతం పచ్చబడటం ఉపగ్రహ చిత్రాల్లో కనిపిస్తుంది. తుఫాను వెళ్లాక వేట బాగుంటుందని మా వాళ్లు అనే మాట వెనక ఇదే ఉంది. హైదరాబాద్‌లో సముద్ర సమాచారం ఇచ్చే కేంద్ర సంస్థ ఇన్‌కాయిస్ వాళ్లు నీటి వేడినీ, ఆ పచ్చదనాన్నీ చూసే ఎక్కడ చేప దొరకొచ్చో మత్స్యకారులకి చెబుతారు. తుఫాను ముందు చేప బాగా పడుతుందన్న మాట మాత్రం నిజమైనా కాకపోయినా నాకు వద్దు. ఆ ఆశతో హెచ్చరిక వచ్చాక కూడా ఒక్క వల వేసి వద్దామని వెళ్లి తిరిగి రాని వాళ్లు మా తీరంలో ప్రతి ఊళ్లో ఉన్నారు.

తాబేళ్ల గురించి రాయకుండా ఉండలేను. డిసెంబర్ నుంచి మార్చి దాకా మా తీరంలో చచ్చిన ఆలివ్ రిడ్లే తాబేళ్లు కొట్టుకొస్తాయి. తుఫాను తర్వాత ఇంకా ఎక్కువ కనిపిస్తాయి కాబట్టి తుఫానుకి చచ్చాయి పాపం అంటారు. కోట్ల ఏళ్లుగా తుఫానుల మధ్యే బతికిన వంశం అది. తుఫాను వల్ల వాటికి జరిగే నష్టం ఎక్కువగా ఒడ్డున, గుడ్లు పెట్టే ఇసుక కొట్టుకుపోవడం. సముద్రంలో పెద్ద తాబేలుని చంపేది చాలాసార్లు వల. తాబేలు ఊపిరి కోసం పైకి రావాలి. గంటల తరబడి లాగే ట్రాల్ వలలో చిక్కితే పైకి రాలేక మునిగిపోతుంది. వల దులిపినప్పుడు దాన్ని నీళ్లలో పడేస్తారు. తర్వాత ఒడ్డు వైపు గాలి ఏది వీస్తే అది దాన్ని తెచ్చి మన ముందు పెడుతుంది. వలకి తాబేలు తప్పించుకునే కిటికీ పెడితే చాలా వరకు బతుకుతాయి. మన రాష్ట్రంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా. తాబేళ్లు గుడ్లకి వచ్చే నెలలు అప్పటికి చాలావరకు అయిపోతాయి. అటవీ శాఖ వాళ్లు రాత్రిళ్లు తిరిగి గుడ్లు ఏరి హేచరీల్లో పెడుతున్నారు, దానికి నాకు గౌరవం ఉంది. కానీ ఆ గుడ్లు పెట్టిన తల్లి వలలో పోతోంది. నింద తుఫాను మీదకి పోవడం వల్ల ఈ మాట మాట్లాడేవాళ్లు తగ్గిపోతున్నారు.

ఇంకొక్క కథ. 2005 ఆగస్టు 29న కత్రినా హరికేన్ అమెరికాలోని మిసిసిపీలో గల్ఫ్‌పోర్ట్ తీరాన్ని ఊడ్చేసినప్పుడు అక్కడి మెరైన్ పార్కులో కొలను బద్దలై ఎనిమిది డాల్ఫిన్లు సముద్రంలోకి కొట్టుకుపోయాయి. అన్నీ మనుషుల చేతి తిండికి అలవాటు పడ్డవే, కొన్ని కొలనులోనే పుట్టినవి. సముద్రంలో వేటాడటం రాదు. దాదాపు రెండు వారాల తర్వాత వెతుకుతుంటే కనిపించాయి. ఎనిమిదీ కలిసే ఉన్నాయి. సన్నబడి, ఒంటి నిండా గాయాలతో ఉన్నాయి. పడవలో ఉన్న పాత శిక్షకుల్ని చూసి దగ్గరికొచ్చాయి. అన్నిటినీ బతికించారు. సరిగ్గా అదే రోజుల్లో, విషపు బాణాలు అమర్చిన అమెరికా నేవీ డాల్ఫిన్లు కత్రినాకి తప్పించుకుని సముద్రంలో తిరుగుతున్నాయని ఒక బ్రిటిష్ పత్రిక రాసింది. అందులో నిజం లేదు. కానీ మా కాలేజీ స్టాఫ్ రూమ్‌లో అడిగితే ఆ బాణాల కథ విన్నవాళ్లు ఇద్దరున్నారు. ఎనిమిదీ కలిసి ఉన్న కథ ఎవరికీ తెలియదు.

మేనల్లుడికి తర్వాత ఫోన్ చేసి మొసలి నిజమేరా, నేను తప్పు చెప్పాను అన్నాను. "సొర?" అన్నాడు. సొర గురించి పావుగంట చెప్పాను. వాడు వాళ్ల హాస్టల్ గ్రూప్‌లో పెడతానన్నాడు.

మిచౌంగ్ ముందు రోజు మధ్యాహ్నం అమ్మని మా ఇంటికి తీసుకురావడానికి తమ్ముడింటికి వెళ్లాను. బట్టల సంచి అరుగు మీదే ఉంది, ఆవిడ లేదు. వెనక్కి వెళ్లి చూస్తే సావిడిలో ఉంది. రెండు గేదెలకీ పలుపులు విప్పేసి, తాళ్లు చుట్టలు చుట్టి చూరులో పెడుతోంది. కట్టు విప్పాలని ప్రభుత్వం చెప్పే తుఫాను జాగ్రత్తల్లో కూడా ఉంటుంది. అమ్మ ఆ జాగ్రత్తలు ఎప్పుడూ చదవలేదు. "పోతే పోతయ్యిలే, కట్టు మాత్రం వద్దు" అంది. గాలి తగ్గిన మర్నాడు ఒకటి తనంతట తనే వచ్చి గుమ్మం ముందు నిలబడింది. రెండోది మూడో రోజు కాలవ అవతల ఎవరిదో వరి చేలో దొరికింది. పడిపోయిన వరి తిన్నంత తిని ఉంది. ఆ చేను వాళ్లకి మా తమ్ముడు డబ్బులు కట్టాడు.